ఏటవాలు గీత

గోడకి పెట్టాల్సిన పేర్లు నలభై ఏడు.
ప్రింటరు నలభై ఆరిచ్చి ఊరుకుంది.

సువురోయ్ దీవిలో నవంబరు మొదటి వారం,
నాలుగున్నరకే కిటికీలో సముద్రం నల్లబడింది.
చర్చి ఆఫీసులో రన్‌వా
తడిసిన కోటు హీటరు మీద పడేసి
పాత మ్యాక్ ముందు కూర్చుంది.
ఎల్స్‌పా ఎదుట నిలబడే ఉంది.
"మా సామల్ ఏడీ?" అంది,
కొట్టువాడు చిల్లర తక్కువిస్తే అడిగినట్టు.

జాబితా ఇలా తయారవుతుంది:
ఒక ఫైల్లో, కడలి తీసుకున్నవాళ్ళ రిజిస్టరు.
ఇంకో ఫైల్లో, వాళ్ళ ఫొటోల పేర్లు.
జాయిన్ అనే ఆజ్ఞ
రెండు వరసల్నీ ఎదురెదురుగా నిలబెట్టి
జత కలిసినవాళ్ళని మాత్రం లోపలికి పంపుతుంది.
కలవనివాణ్ణి గురించి ఒక్క మాటనదు.
తప్పని అరవదు.
వెళ్తూ వెళ్తూ సున్నా ఒకటి వదిలి,
అంటే అంతా సవ్యమేనని,
చేతులు దులుపుకుంటుంది.

రన్‌వా మొదట వరసని అనుమానించింది.
సార్ట్ చేసింది, మళ్ళీ చేసింది.
పేరు చివర ఖాళీ జాగా నక్కిందేమో వెతికింది.
విండోస్ నుంచి అంటుకొచ్చే కనపడని తోక,
అదీ లేదు.
సామల్ అని కొట్టి గ్రెప్‌ని తోలింది.
రిజిస్టరులో ఉన్నాడు.
ఫొటోల్లో లేడు.
ఫైలు తెరిస్తే మాత్రం
ఇరవై మూడో లైనులో నిక్షేపంలా ఉన్నాడు.
కంటికి ఉన్నవాడు గ్రెప్‌కి లేడు.

"ఆ ఫొటో నేనే పంపాను," అంది ఎల్స్‌పా,
"మా ఇంట్లోది ఇంతకన్నా పాత కంప్యూటరు.
పేరు కూడా నేనే కొట్టాను."
ఎవరూ తననేమీ అనకముందే
సంజాయిషీ ఇచ్చుకునే గొంతు.

ఇక మిగిలింది
అక్షరాల చర్మం వలిచి ఎముకలు చూపించే ఆజ్ఞ.
రెండు సామల్‌లనీ దాని కింద పడుకోబెట్టింది.
రిజిస్టరులో, నెత్తిన ఏటవాలు గీతతో సహా
ఒకే ముక్కగా పోతపోసిన ఆ.
ఫొటో పేరులో, ముందు బోసి అ,
దాని వెనకే విడిగా నడిచొచ్చిన గీత:
అరవై ఒకటి, సి సి, ఎనభై ఒకటి.
తెర మీదికి రాగానే గీత అక్షరం నెత్తికెక్కుతుంది,
రెండు పేర్లూ కవలల్లా నిలబడతాయి.
తెలుగు చదివేవాళ్ళకి ఇది వింత కాదు,
మనకెప్పుడూ హల్లు వేరు, గుణింతం వేరు,
కలిస్తే ఒకటి.
అక్కడ రెండు పద్ధతులూ చెల్లుతాయి.
చిక్కంతా అదే.

"అయితే నేను తప్పు రాశానా?"
"లేదు. మీదీ ఒప్పే, నాదీ ఒప్పే."
"రెండూ ఒప్పయితే వాణ్ణెందుకు వదిలేసింది?"
రన్‌వా దగ్గర దానికి జవాబుంది,
బైట్ల లెక్కలో, నాలుగు వాక్యాల్లో.
చెప్పలేదు.

ఎల్స్‌పా అప్పుడు కూర్చుంది.
"ఆరోజూ ఇంతే," అంది.
"పడవ ఎక్కాల్సింది వాడు కాదు.
పక్కింటి హెన్నింగ్‌కి జ్వరమొస్తే బదులు వెళ్ళాడు.
కాగితం మీద హెన్నింగ్ పేరే ఉంది.
రేడియోలో పేర్లు చదువుతుంటే విన్నాం,
అయ్యో పాపం హెన్నింగ్ అనుకున్నాం.
మా అమ్మ వాళ్ళింటికి రొట్టె పట్టుకెళ్ళింది.
తలుపు హెన్నింగే తీశాడు."

హీటరు మీద కోటు ఆవిర్లు కక్కుతోంది.
రన్‌వా ఐకాన్వ్‌ని పిలిచి
గీతని అక్షరంలో కలిపించింది.
ఒక్క లైను పని.
జాయిన్ పక్కన ఇంకో చిన్న మాట చేర్చింది,
హైఫను, ఎ, ఒకటి:
జత దొరకనివాళ్ళని కూడా చూపించు.
మొదటి రోజే రాయాల్సింది.

నలభై ఏడు.
ఎల్స్‌పా కాగితం అందుకుని
సామల్ మీద వేలు ఆనించి
గోటితో ఆ గీతని మెల్లగా గీకి చూసింది.
సిరా ఇంకా ఆరలేదు,
కాస్త అలుక్కుపోయింది.
"ఇంకోటి తియ్యనా?" అంది రన్‌వా.
"వద్దు," అంది. "బస్సుకి వేళైంది."